సముద్రతీరాన్ని తైలవర్ణాల్లో వేయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు చిత్రాలనూ తీరికగా చూశాను. రాళ్ల ఆకారంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే సముద్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నీలమై గోడలా నిలబడిపోయింది, రాళ్ల నీడలు నల్లగా మూసుకుపోయాయి. రెండూ కేవలం ఫోటో చూసి వేసినవేనని నువ్వు రాయకపోయినా తెలిసేది. ఫోటోను మానెయ్యమని నేను అనను. రంగును తీరంలో నిలబడి పట్టుకోవాలనీ, ఫోటోను ఆకారం సరిచూసుకోవడానికే వాడాలనీ మాత్రం అంటాను.

తీరానికి పెద్ద కాన్వాసు తీసుకుపోవద్దు, గాలి దాన్ని ఈజిల్‌తో (కాన్వాసును నిలబెట్టే స్టాండుతో) సహా పడదోస్తుంది. 8 అంగుళాలకు 10 అంగుళాల బోర్డు చాలు. దానికి కొన్ని రోజుల ముందే టర్పెంటైన్‌లో (రంగును పలచబరిచే ద్రావకంలో) పలచబరచిన బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు పూసి ఆరబెట్టుకుంటే, తెల్లటి బోర్డు కళ్లకు కొట్టే మెరుపు తగ్గి, ఎక్కడ ఎంత వెలుగు వేయాలో అంచనా కుదురుతుంది. ఈజిల్ కాళ్లను పొట్టిగా దించి, నడుమ ఒక బరువైన సంచి వేలాడదీయి. ఇంత చేసినా రంగులో ఇసుక పడక మానదు. 1870లో ఫ్రాన్సులోని త్రూవిల్ తీరంలో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన చిత్రపు రంగుపొరలో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి కనుక, దాని గురించి బెంగపడకు.

బెంగపడవలసింది ఎండ గురించి. బోర్డు మీదా పాలెట్ (రంగులు కలిపే పలక) మీదా నేరుగా ఎండ పడుతున్నప్పుడు రంగులన్నీ ఉన్నదానికంటే లేతగా కనిపిస్తాయి, నువ్వు తెలియకుండానే ముదురుగా కలుపుతావు, తీరా ఇంట్లో చూస్తే బొమ్మ మసకగా ఉంటుంది. రెండూ నీడలో ఉండేలా నిలబడు. రంగు గొడుగు తన రంగునే బొమ్మ మీదకు దింపుతుంది, తెల్ల చొక్కా తడి రంగు మీద మెరుపు కొడుతుంది, అందుచేత బూడిదరంగు దుస్తులు మేలు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రంగు కలపడం మాత్రం పనికిరాదు.

ఒక్క బొమ్మ మీద రెండు గంటలకు మించి కూర్చోకు. ఆలోగానే సూర్యుడు జరుగుతాడు, ఆటుపోట్లతో ఒడ్డు గీత కూడా మారిపోతుంది. మొదటి పావుగంటలోనే నీడల హద్దులు గీసుకుని, తరువాత అవి ఎటు జరిగినా వాటి వెంట పడకుండా ఉండాలి. 1880లలో ఫ్రాన్సు తీరంలోనే ఉన్న ఎత్రెతా కొండచరియల దగ్గర మోనే వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు. నీ దగ్గర రెండో బోర్డు ఉంటే అలాగే చెయ్యి, లేకపోతే సామాను సర్దేయి.

ఇక నీటి సంగతి. కుంచె ముట్టకుండా చాలాసేపు చూడవలసింది దీన్నే. ఒక్క కెరటం వెంట చూపు పరుగెత్తించకుండా, ఒకే చోట వరసగా విరిగే కెరటాలను చూస్తూ ఉంటే కాసేపటికి వాటి తీరు అర్థమవుతుంది. కాళ్ల దగ్గరి నీటిలోకి పైనుంచి తొంగిచూస్తాం కనుక అడుగునున్న ఇసుక రంగు కొంత కనిపిస్తుంది, దూరపు నీటిని ఏటవాలుగా చూస్తాం కనుక అందులో ఆకాశమే ఎక్కువ. అందుకే ఒకే నీలం అంతటికీ సరిపోదు. విరగబోయే కెరటం పైఅంచు పలచబడినచోట వెనకనుంచి వెలుగు దూరి లేతాకుపచ్చ కనిపిస్తుంది. అక్కడ వెరిడియన్ అనే నీలివన్నె ఆకుపచ్చలో రవ్వంత ఎల్లో ఆకర్ (పసుపుమట్టి రంగు), తెలుపు కలిపి చూడు. నురుగు తెల్లగా ఉంటుందనుకుని నువ్వు ట్యూబులోని తెలుపునే నేరుగా దట్టించావు. నిజానికి ఎండ తగిలిన అంచు తప్ప మిగతా నురుగులో ఊదా కలిసిన బూడిదరంగే ఎక్కువ. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా, టైటానియం తెలుపు కలిపితే అది దాదాపుగా వస్తుంది, అవసరమైతే అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు చుక్క వేసుకో. అచ్చమైన తెలుపును చివరి నాలుగు మెరుపులకు దాచుకో. నల్లరంగు ట్యూబు ఇంట్లోనే ఉండనీ. దిగంతరేఖ ఒక్క పిసరు వాలినా చూసేవారి కన్ను ముందు అక్కడికే పోతుంది, దాన్ని సమంగా ఉంచి, అంచును మాత్రం పొడి కుంచెతో కాస్త మెత్తబరచు.

బొమ్మ ముగిశాకే ఫోన్ బయటకు తియ్యి. నిలబడిన చోటే నిలబడి, కంటి ఎత్తులోనే తియ్యి. వైడ్ లెన్స్ దగ్గరి రాళ్లను పెంచి దూరపు కొండలను కుదించేస్తుంది కనుక దాన్ని వాడకు. ఆకాశానికి తగిన వెలుగుతో ఒకటి, నీడలకు తగిన వెలుగుతో మరొకటి తీస్తే, ఒకదానిలో చెరిగిపోయిన వివరం రెండోదానిలో దొరుకుతుంది. ఇంట్లో పెద్ద కాన్వాసు మొదలుపెట్టినప్పుడు బోర్డును పక్కనే నిలబెట్టుకో. పెద్ద రంగులన్నీ పరిచేదాకా నేను ఫోటో వైపు చూడను. రాళ్ల పగుళ్లకూ పడవ వంపుకూ అది బాగా పనికొస్తుంది. రంగు దగ్గర రెండింటికీ తేడా వస్తే బోర్డు మాటే వినాలి. కెమెరా గాలిలో ఆపేసిన ప్రతి తుంపరనూ వేయబోకు, కన్ను సముద్రాన్ని అలా చూడదు.

అడుగు పొరల్లో టర్పెంటైన్, పైకి వచ్చేకొద్దీ అవిసె నూనె ఎక్కువ ఉండాలి, ఇది తారుమారైతే పై పొర పగులుతుంది. రంగు దళసరిగా ఉంటే వార్నిష్‌కు (చివర పూసే రక్షణ పూతకు) కనీసం ఆరు నెలలు ఆగు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి మడతల్లో నిలిచిపోతే గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టు, లేదా నీళ్లు పోసిన మూత రేకుడబ్బాలో వేసి ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య