ఉమ్మితో షుగర్, థైరాయిడ్ తెలుస్తాయా? తిరుపతి ల్యాబ్ టెక్నీషియన్‌గా నా జవాబు

రేణిగుంట నుంచి ఒక తమ్ముడు అడిగాడు: వాళ్ళ అమ్మకు డెబ్బై దాటాయి, చేతుల్లో నరం దొరకదు, సూది చూస్తేనే వణికిపోతుంది. ఉమ్మి ఇస్తే షుగర్, థైరాయిడ్, కిడ్నీ అన్నీ చెప్పేస్తారని ఎవరో వాట్సాప్‌లో పంపించారు. తిరుపతిలో అది ఎక్కడ చేస్తారని ప్రశ్న.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తాను. శాంపిళ్ళు తీయడమే నా పని. అందుకే సూటిగా చెప్తున్నా తమ్ముడూ, అమ్మకు కావలసిన ఆ మూడింటికీ ఉమ్మిని నమ్ముకోవద్దు. ఆ మాట నమ్మి రక్తపరీక్ష మానేస్తే నష్టం అమ్మకే. అట్లాగని ఉమ్మి పరీక్షలన్నీ వట్టివని కాదు. కొన్ని చోట్ల రక్తం చెప్పలేనిది ఉమ్మి చెప్తుంది. ఆ తేడా ఎక్కడుందో తెలిస్తే ఇంకెవరు ఏం పంపినా మీరే తేల్చుకోగలరు.

మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో 99 శాతం నీళ్ళే. చెవుల ముందర, దవడ కింద, నాలుక కింద ఉన్న గ్రంథులు రక్తంలోంచి నీళ్ళు, లవణాలు లాక్కుని, తమ సొంత ఎంజైములు కలిపి దాన్ని తయారుచేస్తాయి. ఆ గ్రంథులు జల్లెడ లాంటివి. కొవ్వులో కరిగే చిన్న అణువులు, ముఖ్యంగా స్టెరాయిడ్ హార్మోన్లు, సులువుగా దిగిపోతాయి. పెద్ద ప్రోటీన్లు పైనే ఆగిపోతాయి. థైరాయిడ్‌కు మనం చూసే టీఎస్‌హెచ్ అట్లాంటి పెద్ద అణువే. టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ చిన్నదే గానీ రక్తంలో దాదాపు అంతా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. అందుకే థైరాయిడ్ మందు మోతాదు మార్చాలంటే ఏ డాక్టరైనా రక్తం రిపోర్టే అడుగుతారు.

షుగర్ సంగతి వేరే. గ్లూకోజు లాలాజలంలోకి వస్తుంది, కానీ రక్తంలో ఉన్నదాంట్లో దాదాపు వందో వంతు. ఆ కాస్తను కూడా నోట్లో బాక్టీరియా తినేస్తుంటుంది. పొద్దున తాగిన కాఫీ, పంటి సందులో ఇరుక్కున్న ఇడ్లీ మెతుకు, చిగుళ్ళలోంచి కారిన చుక్క రక్తం, ఏది కలిసినా లెక్క తప్పుతుంది. దాన్ని చూసి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేయాలో ఎట్లా తేలుస్తారు? కిడ్నీకైతే యూరియా ఉమ్మిలోకి బాగానే వస్తుంది. కిడ్నీ చెడినవాళ్ళ నోట్లో అదోరకం వాసన రావడానికి కారణం కూడా అదే. కానీ డాక్టర్లు నిర్ణయం తీసుకునేది రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసి.

ఇక ఉమ్మి నిజంగా గెలిచే చోటు చెప్తాను. నాకు ఈ పరీక్ష మీద గౌరవం కలిగింది ఇక్కడే.

కార్టిజాల్ అనే హార్మోన్ తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రి ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఒంట్లో కార్టిజాల్ మితిమీరే కుషింగ్స్ జబ్బులో రాత్రిపూట ఆ తగ్గడం ఉండదు. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట మీద ఊదారంగు వెడల్పాటి చారలు వస్తాయి, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది, కింద కూర్చుంటే చేయి ఆనించనిదే లేవలేరు, ఉన్నట్టుండి బీపీ, షుగర్ మొదలవుతాయి. దీన్ని పట్టుకోవాలంటే రాత్రి పదకొండు, పన్నెండు మధ్య కార్టిజాల్ చూడాలి. ఆ వేళప్పుడు రక్తం తీయాలంటే ఆసుపత్రిలో చేర్చాలి. పైగా సూది భయానికే కార్టిజాల్ పెరుగుతుంది, అంటే పరీక్షే జవాబును పాడుచేస్తుంది. ఇంట్లో మంచం మీద కూర్చుని ఉమ్మి ఇస్తే ఆ గొడవే లేదు. అందులోనూ ఉమ్మిలోకి దిగేది ప్రోటీన్లకు అతుక్కోని కార్టిజాల్, ఒంట్లో పనిచేసేది అదే. 2008లో అమెరికాలోని హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో కుషింగ్స్‌కు మొదట చేయదగ్గ పరీక్షల్లో దీన్నీ చేర్చారు. కనీసం రెండుసార్లు చేయమన్నారు.

పుత్తూరు వైపు నుంచి ఒక అక్క ఈ పరీక్షకే వచ్చింది. ట్యూబు చేతికిచ్చి ఆమెకు ఏమేం చెప్పానో ఇక్కడా చెప్తాను, మీకు కాకపోయినా ఇంకొకరికి అక్కరకొస్తుంది. ట్యూబులో చిన్న దూది చుట్ట లాంటిది ఉంటుంది. దాన్ని చేత్తో ముట్టుకోకుండా నోట్లోకి ఒంపుకుని, రెండు నిమిషాలు మెల్లగా నమిలి, మళ్ళీ ట్యూబులోకే ఉమ్మేయాలి. రాత్రి అన్నం పెందలాడే ముగించాలి. ఇచ్చే ముందు పళ్ళు తోమకూడదు, చిగుళ్ళలోంచి రక్తం వస్తే శాంపిల్ దండగ. నోటిపూత, చిగుళ్ళ వాపు ఉంటే అవి తగ్గాకే ఇవ్వాలి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తెచ్చివ్వాలి. మేం దాన్ని చల్లగా ప్యాక్ చేసి పెద్ద ల్యాబ్‌కు పంపుతాం.

చేత్తో ముట్టొద్దన్నది శుభ్రం కోసం ఒక్కటే కాదు. దురదకు పూసుకునే కొన్ని ఆయింట్‌మెంట్లలో హైడ్రోకార్టిజోన్ ఉంటుంది, అది కార్టిజాలే. వేలికి అంటిన రవ్వంత చాలు, రిపోర్టు ఆకాశానికి పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా అడిగేది అతిమధురం గురించి. మన ఇళ్ళలో దగ్గుకు, గొంతు గరగరకు ఆ వేరు ముక్క బుగ్గన పెట్టుకుంటారు కదా. లాలాజల గ్రంథుల్లో కార్టిజాల్‌ను కార్టిజోన్‌గా మార్చే ఎంజైము ఒకటుంది. అతిమధురం దాన్ని అడ్డుకుంటుంది. దాంతో జబ్బు లేకపోయినా ఉమ్మిలో కార్టిజాల్ ఎక్కువ కనిపిస్తుంది. పొగాకు నమిలేవాళ్ళకూ, సిగరెట్, బీడీ తాగేవాళ్ళకూ ఇట్లాగే తప్పుడు ఫలితం రావచ్చు. ఆ అక్క చీటీలో ‘దగ్గు’ అని రాసుంటే అడిగాను. రోజూ అతిమధురం నములుతోందట. అది మానిపించి, డాక్టరు గారు చెప్పిన గడువు అయ్యాకే ట్యూబు ఇచ్చాం. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకు ఈ పరీక్ష సరిపోదు. తిరుమల కొండ మీద, బస్టాండు దగ్గర హోటళ్ళలో రాత్రంతా మెలకువగా ఉండి పగలు పడుకునేవాళ్ళ ఒంట్లో గడియారమే వేరుగా నడుస్తుంది. వాళ్ళకు డాక్టర్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసి చేసే రక్తపరీక్ష రాస్తారు.

ఇంకో మాట. ముఖం అట్లా ఉబ్బడానికి ఎక్కువమందిలో కారణం బయటినుంచి ఒంట్లోకి వెళ్ళిన స్టెరాయిడ్లే. కీళ్ళనొప్పులకని పల్లెల్లో ఇచ్చే పేరులేని పొడులు, మాత్రలు వాడుతుంటే ముందు అది డాక్టరుకు చెప్పాలి. వాటిని సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు, ప్రాణం మీదికొస్తుంది.

మిగతావి క్లుప్తంగా. హెచ్ఐవీకి చిగుళ్ళ వెంబడి పుల్ల తిప్పి చేసే పరీక్ష ఉంది. అది చూసేది వైరస్‌ను కాదు, యాంటీబాడీలను. ఓరాక్విక్ అనే ఇంటి కిట్‌కు అమెరికాలో 2012లో అనుమతి వచ్చినప్పుడే, హెచ్ఐవీ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి లేదని చూపొచ్చని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. కాబట్టి అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్ళండి, రక్తపరీక్ష ఉచితం, వివరాలు బయటపెట్టరు. పుట్టిన బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి సీఎంవీ అనే వైరస్ సోకిందేమో చూడ్డానికి ఉమ్మి చాలా మంచిది. పాలు తాగిన గంట తర్వాత తీసి, పాజిటివ్ వస్తే మూత్రంతో నిర్ధారిస్తారు. కోవిడ్‌లో యేల్ యూనివర్సిటీ వాళ్ళ లాలాజల పరీక్షకు 2020 ఆగస్టులో అత్యవసర అనుమతి వచ్చింది. వైరస్ నోట్లోనే ఉంటుంది కాబట్టి అది కుదిరింది, షుగర్‌కు ఆ లెక్క వర్తించదు. టీబీకి మాత్రం ఉమ్మి పనికిరాదు. గుండెల్లోంచి దగ్గి తీసిన కళ్ళె కావాలి. డబ్బా నిండా ఉమ్మి తెచ్చినవాళ్ళను వెనక్కి పంపాల్సి వస్తే నాకు బాధగా ఉంటుంది, పాపం ఎంతో దూరం నుంచి వచ్చుంటారు.

ఇప్పుడు అమ్మ సంగతి. మూడు పరీక్షలకు మూడు పోట్లు అక్కర్లేదు. హెచ్‌బీఏ1సీకి ఊదా మూత ట్యూబు, టీఎస్‌హెచ్, క్రియాటినిన్‌లకు ఇంకో ట్యూబు, రెండూ ఒకే పోటులో నింపొచ్చు. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది, పరగడుపున రానక్కర్లేదు. కాబట్టి అమ్మను ఆకలితో తీసుకురావద్దు. డాక్టరు వేరేగా చెప్పకపోతే వచ్చేముందు బాగా నీళ్ళు తాగించండి. మోచేతి నుంచి కింది దాకా గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు చుట్టి ఉంచితే నరం పైకి తేలుతుంది. ‘బటర్‌ఫ్లై సూదితో తీయండి’ అని నోరు తెరిచి అడగండి. సన్న సూది, వెనక చిన్న గొట్టం ఉంటుంది. పడుకోబెట్టి తీయమని కూడా అడగొచ్చు. రెండుసార్లు గుచ్చినా రాకపోతే ఆపి ఇంకొకరిని పిలవమనండి, ఆ హక్కు మీకుంది. రోజువారీ షుగర్‌కు ఇంట్లో గ్లూకోమీటరు చాలు. వేలి కొసన నడిమధ్య కాకుండా పక్కగా గుచ్చితే నొప్పి తక్కువ.

వీలైతే జనం పల్చబడ్డాక, పదకొండు దాటాక తీసుకురండి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పరగడుపు వాళ్ళతో ఏ ల్యాబ్ అయినా కిటకిటలాడుతుంది. ఆ హడావుడిలో పెద్దవాళ్ళ నరం ఓపికగా వెతకడం కష్టం.