తాతగారి రైఫిల్ మీదే, దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మాత్రం ఇంకా మీది కాదు

సందేహం: మా తాతగారు లైసెన్సుతో వాడిన వించెస్టర్ లీవర్ రైఫిల్ మా ఇంట్లో ఉంది. దాని మీద 1892 మోడల్ అని చెక్కి ఉంది. తాతగారు పోయి పదకొండేళ్లయింది. నాన్నగారు దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో దాచారు. గత నెల ఆయన కూడా కాలం చేశారు. వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని బంధువులు అంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు తనకు పంపమంటున్నాడు. ఏం చేయాలి?

సమాధానం: ముందుగా ఒక మాట. ఆ రైఫిల్‌ను ఎవరూ కదపకండి. ఈ రకం తుపాకీలో తూటాలు గొట్టం కింద ఉండే మరో సన్నని గొట్టంలో వరసగా దాగి ఉంటాయి. పైనుంచి చూస్తే కనిపించవు. పిడి దగ్గర ఉన్న మీటను ఒక్కసారి కిందికి లాగి పైకి తెస్తే, లోపల మిగిలిన తూటా పేలడానికి సిద్ధమవుతుంది. తాతగారు చివరిసారి ఖాళీ చేశారో లేదో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు. ఖాళీయో కాదో మీరు పరీక్షించకండి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

ఇక బంధువుల మాట. వందేళ్ల లెక్క మన ఆయుధాల చట్టంలో లేదు. అమెరికా చట్టంలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకులకు మినహాయింపు ఉంది. ఇక్కడ వినిపించే వందేళ్ల మాటకు బహుశా అదే మూలం. మన 1959 చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు, పురాతన విలువ గల, పాడైన ఆయుధాలను మినహాయించింది గానీ, దానికి గట్టి షరతు పెట్టింది. మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. ‘ఇప్పుడు పేలదు’ అంటే సరిపోదు. స్ప్రింగు మారిస్తే పేలే తుపాకీ చట్టం దృష్టిలో తుపాకీయే. మీ రైఫిల్ గొట్టం, మీట సరిగా ఉంటే ఈ మినహాయింపు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆస్తికి, లైసెన్సుకు తేడా ఇక్కడే ఉంది. ఇల్లు, పొలం లాగే రైఫిల్ కూడా వారసులకు వస్తుంది. లైసెన్సు మాత్రం వ్యక్తికి ఇచ్చిన అనుమతి, ఆ వ్యక్తితోనే ముగుస్తుంది. వీలునామాలో రాసినా అంతే. తాతగారు పోయిన నాటి నుంచి ఆ రైఫిల్ లైసెన్సు లేకుండానే బీరువాలో ఉంది. నాన్నగారు తండ్రి మీది ప్రేమతోనే దాచి ఉంటారు, అందులో నాకు సందేహం లేదు. అయినా ఇప్పుడు తెలిసి ఉంచుకుంటున్నది మీరు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, దాంతోపాటు జరిమానా. అందుకే ఈ పనిని వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. తుపాకీని మీరే మోసుకెళ్లకుండా, వచ్చి తీసుకెళ్లమని స్టేషన్ అధికారిని కోరండి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కింద డిపాజిట్ చేస్తున్నట్టు లేఖలో స్పష్టంగా రాయండి. లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర కూడా డిపాజిట్ చేయవచ్చు. మిగిలిన తూటాలుంటే అవి కూడా ఇవ్వాలి. తుపాకీ మీది నంబరు, బోరు (గొట్టం లోపలి వ్యాసం) రాసిన రశీదు లేకుండా ఇవ్వవద్దు. డిపాజిట్ చేస్తే తుపాకీ పోయినట్టే అని చాలామంది భయపడతారు. యాజమాన్యం మీకే ఉంటుంది. లైసెన్సు వచ్చాక తిరిగి తీసుకోవచ్చు, లేదా చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు. కాకపోతే నిర్ణీత గడువు దాటేదాకా పట్టించుకోకపోతే, జిల్లా మేజిస్ట్రేట్ నోటీసు ఇచ్చి జప్తు చేయవచ్చు.

ఆ తర్వాత లైసెన్సు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసుల కోసమే ఉంది. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. వారసుల ధ్రువపత్రం, తాతగారి, నాన్నగారి మరణ ధ్రువపత్రాలు, మీ పేరిట లైసెన్సు ఇవ్వడానికి అభ్యంతరం లేదని తమ్ముడితో సహా మిగతా వారసుల అఫిడవిట్లు జతచేసి దరఖాస్తు చేయండి. కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్‌కు, లేని చోట జిల్లా మేజిస్ట్రేట్‌కు ఇవ్వాలి. మీకు ఇప్పటికే రెండు తుపాకులుంటే మూడోదానికి లైసెన్సు రాదు. వారసత్వమైనా ఆ పరిమితి దాటడానికి వీల్లేదు. తిరస్కరిస్తే అప్పీలుకు అవకాశం ఉంది.

ఈలోగా తుప్పు వదిలించడానికో, పిడి బిగించడానికో తెలిసిన మెకానిక్ చేతికి ఇవ్వకండి. తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉన్నవారే కావాలి.

ఇంట్లో పెద్దల పేరిట తుపాకీ ఉన్న ఇతర పాఠకులకు కూడా ఒక విషయం చెప్పాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే ఒక వారసుణ్ణి నామినేట్ చేసి అతని పేరిట లైసెన్సు కోరవచ్చు. మీ తాతగారి విషయంలో ఇది జరిగి ఉంటే నాన్నగారు పదేళ్లకు పైగా దాచవలసి వచ్చేది కాదు.

తమ్ముడికి పంపే ఆలోచన మానుకోండి. వందేళ్లు దాటిన చారిత్రక ప్రాధాన్యం గల వస్తువు 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువు అవుతుంది. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. అది పురావస్తువు కాదని తేలినా, తుపాకీ దేశం దాటడానికి ఆయుధాల చట్టం కింద విడిగా లైసెన్సు కావాలి.

తాతగారి పాత లైసెన్సు పుస్తకం ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఈరోజే వెతకండి. అందులోని నంబరు తుపాకీ మీది నంబరుతో సరిపోతే, అది మీ ఇంటికి సక్రమంగా వచ్చిందని చూపడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు. దాని నకలు డిపాజిట్ లేఖకు జతచేయండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.