54 కిలోల మనిషి 500 సీసీ పాత డర్ట్ బైక్‌ని కిక్ కొట్టి స్టార్ట్ చేయగలడా?

"పాత యమహా ఎక్స్‌టీ500 ఒకటి దొరికింది, కొందామనుకుంటున్నా. సెల్ఫ్ లేదు, కిక్ ఒక్కటే. నా బరువు 54 కిలోలు. నాలాంటివాళ్ళు ఇలాంటి పెద్ద ఇంజన్ పాత డర్ట్ బైకుల్ని స్టార్ట్ చేయగలరా, లేక కాలు విరగ్గొట్టుకోవడమేనా?" అని అడిగారు.

చేయగలరు. 54 ఎందుకు, 49 కిలోల మనిషి చేయడం నా కళ్ళతో చూశాను. ఆ మనిషి మా చెల్లెలు, ఆ బండి నాదే, 1980 మోడల్ ఎక్స్‌టీ500. అదే బండి అంతకు ఆరు వారాల ముందు 82 కిలోల నన్ను మోకాలు పట్టుకుని నేల మీద కూలబడేలా చేసింది. కాబట్టి బరువు సంగతి పక్కన పెట్టేయండి. ఈ బండ్ల గురించి ఎవర్ని అడిగినా "గట్టిగా తొక్కాలి, కాల్లో దమ్ముండాలి" అంటారు. ఆ మాట నమ్మే చాలామంది కాళ్ళు పాడుచేసుకుంటున్నారు, నేనూ అది నమ్మే పాడుచేసుకున్నా.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. బండి ఇంటికొచ్చి నాలుగు రోజులు. అమ్మినాయన చూపించినప్పుడు రెండో కిక్కుకే అందుకుంది, అందుకే నాకు ధైర్యం. పొద్దున్నే చలిలో చోక్ వేశా, పెట్రోల్ ట్యాప్ తిప్పా, మొదలుపెట్టా. పది కిక్కులు, ఇరవై కిక్కులు, ఉలుకూ పలుకూ లేదు, మధ్యలో ఒక్కసారి మాత్రం సైలెన్సర్లోంచి ఫట్ మని ఒక శబ్దం. ఆ ఒక్క శబ్దం చాలు మనిషిని పాడుచేయడానికి, ఇంకొక్కటి కొడితే అందుకుంటుందని ఆశ పుడుతుంది, ఆ ఆశతో ఇంకో పదిహేను కొట్టా. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. కాళ్ళకి మామూలు గుడ్డ బూట్లు, కిక్ రాడ్ పెగ్గు అరికాల్లో దిగి మంట. చివరికి ఒళ్ళు మండి, ఎక్స్‌లేటర్ సగం తిప్పి పట్టుకుని, మోకాలు బిగబట్టి, ఒంటి బరువంతా వేసి ఎగిరి తొక్కాను. రాడ్ మూడో వంతు కిందికి వెళ్ళి ఆగింది. ఆగినట్టే ఆగి ఎంత జోరుగా దిగిందో అంతకు రెట్టింపు జోరుగా పైకి తన్నింది. మోకాలు మడిచే వైపు కాకుండా రెండో వైపుకి వంగినట్టు అనిపించింది. నొప్పి వెంటనే తెలీలేదు, ముందు పాదమంతా తిమ్మిరెక్కింది, అప్పుడు లోపల ఏదో వేడిగా పాకినట్టయింది, ఆ తర్వాత ఇక నిలబడలేకపోయా. లిగమెంట్ సాగింది, ఆరు వారాలు మెట్లెక్కొద్దన్నారు.

ఆ ఆరు వారాలూ కుర్చీలో కూర్చుని అసలు ఇది ఎందుకు తన్నిందని చదివా, అమ్మ తిట్టినా బండి పక్కనే కూర్చుని ఒక్కో భాగం విప్పా. చదివితే విషయం ఇంత సులువా అనిపించింది. ఆ ఇంజన్లో ఒకటే సిలిండరు, 499 సీసీ, 87 మిల్లీమీటర్ల పిస్టన్. పిస్టన్ పైకి వస్తూ కంప్రెషన్ మీద ఉన్నప్పుడు మనం తొక్కితే కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే అయిపోతుంది, ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి, ఏమీ మిగలదు. స్పార్కు వచ్చేది పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి కొంచెం ముందు. ఫ్లైవీల్‌లో జోరు ఉంటే ఆ కొంచెం దూరం దాటేస్తుంది. జోరు లేకపోతే అంటుకున్న పెట్రోల్ పిస్టన్‌ని వచ్చిన దారినే వెనక్కి తోస్తుంది, ఆ తోపు గేర్ల మీదుగా కిక్ రాడ్‌కి, రాడ్ నుంచి మీ మోకాలికి వస్తుంది. ఎక్స్‌లేటర్ తిప్పి ఉంటే లోపలికి పోయిన గాలీ పెట్రోలూ ఎక్కువ, దెబ్బా ఎక్కువే. నేను చేసిన తప్పులన్నీ ఒక్క తొక్కులోనే చేశా.

అదే పిస్టన్ పై చివర దాటి ఒక్క పిసరు కిందికి దిగాక తొక్కితే, ఇది ఫోర్ స్ట్రోక్ కాబట్టి మళ్ళీ కంప్రెషన్ తగిలేలోపు క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, దాదాపు ఒకటిన్నర చుట్లు స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ ఒకటిన్నర చుట్లలో ఫ్లైవీల్‌కి కావాల్సినంత జోరు వస్తుంది, తర్వాత కంప్రెషన్‌ని దాటించే పని దానిదే, మీ కాలిది కాదు. 49 కిలోలకీ 82 కిలోలకీ తేడా లేకుండా పోయేది ఇక్కడే.

అయితే ఆ చోటు దొరకబుచ్చుకోవడం ఎలా? నాకు చూపించింది మా చెల్లెలే. నేను ప్లగ్గులూ, పాయింట్లూ (స్పార్కు ఎప్పుడు రావాలో తేల్చే స్విచ్చు) అని తల బద్దలుకొట్టుకుంటుంటే తను పక్కన కూర్చుని బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివింది. చదివి, "అన్నయ్యా, ఇందులో ఎక్కడా గట్టిగా తొక్కమని లేదు" అంది. తర్వాత "ఎడమ హ్యాండిల్ దగ్గర చిన్న లివర్ ఉందట, అది నువ్వు నొక్కావా అసలు?" అని అడిగింది. నొక్కలేదు. అది డీకంప్రెషన్ లివర్, నొక్కితే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని సిలిండర్లో గాలి బయటికి పోవాలి. నొక్కినా లాభం ఉండేది కాదు, దాని కేబులు వదులైపోయి వాల్వు తెరుచుకోవట్లేదు. అమ్మినాయన దాన్ని ఎన్నేళ్ళు వాడలేదో. కేబులు సరిగ్గా బిగించా, పాయింట్ల గ్యాప్ చూస్తే ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ తెరిచి ఉంది, గ్యాప్ ఎక్కువైతే స్పార్కు ముందే వచ్చేస్తుంది, అంటే వెనక్కి తన్నడానికి అన్నీ సిద్ధం చేసి పెట్టినట్టే. అదీ సరిచేశా. కార్బురేటర్లో (కార్బు) స్టార్టింగ్‌కి పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్‌లో అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం పాత పెట్రోల్ జిగురుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది, అదీ శుభ్రం చేశా.

ఆరో వారం చివర, నేను కుర్చీలో, తను నా లావు బూట్లు రెండు జతల సాక్సుల మీద వేసుకుని బండి దగ్గర. పెట్రోల్ ట్యాప్, చోక్ వేసి, ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి రెండు సార్లు మెల్లగా రాడ్ దించింది, పెట్రోల్ లోపలికి రావడానికి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి రాడ్‌ని పాదంతో మెల్లగా కిందికి నొక్కుతూ పోయింది, ఒక చోట గోడ తగిలినట్టు ఆగింది. అదే కంప్రెషన్. అప్పుడు ఎడమ చేత్తో ఆ లివర్ నొక్కింది, లోపల ఎగ్జాస్ట్ వాల్వు కొంచెం తెరుచుకుని గాలి ఉస్సుమని పోయింది, రాడ్ ఒక్క అంగుళం దిగింది. సిలిండరు హెడ్ (సిలిండరు పై మూత) కుడి పక్కన బొత్తాం అంత గాజు కిటికీ ఒకటి ఉంటుంది, అంతకుముందు అందులో నల్లగా తప్ప ఏమీ కనపడేది కాదు, ఇప్పుడు అందులోకి వెండి రంగు గీత జరుగుతూ వచ్చి ఆగింది, పిస్టన్ పై చివర దాటిందని దాని అర్థం. తను వంగి చూసి "వచ్చింది" అని లివర్ వదిలేసింది, కాలు లేపింది, రాడ్ పూర్తిగా పైకి వచ్చేసింది. ఎక్స్‌లేటర్ అస్సలు ముట్టుకోలేదు. మోకాలు కొంచెం వంచే ఉంచి, ఎత్తు మెట్టు దిగినట్టు పై నుంచి కింది దాకా ఒకే సాగులో తొక్కింది. మొదటిసారి ఫట్ మని ఆగింది. రెండోసారి మళ్ళీ గీత చూసుకుంది. మూడో కిక్కుకి డుగ్ డుగ్ డుగ్ మని అందుకుంది, పొగ, వాసన, షెడ్డు రేకులు అదిరాయి, నేను కుర్చీలోంచి లేవబోయి మోకాలు గుర్తొచ్చి కూర్చుండిపోయా. తనేమో ఎక్స్‌లేటర్ తిప్పకుండా మెల్లగా చోక్ సగం తగ్గిస్తోంది, ఆరేళ్ళుగా అదే పని చేస్తున్నట్టు.

అప్పటినుంచి నాదొక నియమం. టైమింగు, వాల్వు గ్యాపు, కార్బు సరిగ్గా ఉన్న బండి మూడు కిక్కుల్లో, మహా అయితే ఐదు కిక్కుల్లో స్టార్ట్ అవుతుంది. కాలేదా, ఆరోది కొట్టకండి. ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, రెండిట్లో ఏదైనా మీ కాలితో బాగయ్యే రోగం కాదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకుని వేడెక్కాక మొండికేస్తుంటే మాత్రం ముందు వాల్వు గ్యాపు చూడండి, ఎగ్జాస్ట్ వాల్వు బిగుతుగా ఉంటే వేడికి ఇంకా సాగి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్‌తో అరగంట పని. ఆ అరగంట పెట్టక "ఈ మోడలే అంత, మొండిది" అని బండికి చెడ్డపేరు తెచ్చేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, పాపం ఆ ఇంజన్ తప్పేముంది.

కొండ మీద పడిపోయినప్పుడు సంగతి వేరే. బండి పక్కకి పడితే కార్బులోంచి పెట్రోల్ లోపలికి పోయి ఇంజన్ దాంట్లో మునిగిపోతుంది, అప్పుడు మామూలుగా ఎన్ని కొట్టినా దండగ. ట్యాప్ మూసి, ఇగ్నిషన్ ఆపి, ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, డీకంప్రెషన్ లివర్ నొక్కి ఉంచి ఏడెనిమిది సార్లు మెల్లగా తొక్కండి, లోపలున్న పెట్రోల్ ఆవిరంతా బయటికి పోతుంది. తర్వాత ట్యాప్ తెరిచి, చోక్ లేకుండా, ఎక్స్‌లేటర్ మూసి, మళ్ళీ మొదట్నుంచి గీత చూసుకుని కొట్టండి. ముందు రెండు నిమిషాలు ఊపిరి తీసుకోండి. అలిసిపోయిన కాలు రాడ్‌ని పూర్తిగా తొక్కదు, సగంలో వదిలేస్తుంది, సగం కిక్కే తన్నేది.

ఎక్స్‌లేటర్ గురించి ఇంకోసారి చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో ప్రతివాడూ కిక్కుతోపాటు సర్రుమని తిప్పుతూ ఉంటాడు, చూసేవాళ్ళు అదే నేర్చుకుంటున్నారు. చల్లటి ఇంజన్‌కి కావాల్సిన పెట్రోల్ చోక్ నుంచీ పైలట్ జెట్ నుంచీ వస్తుంది, అది లాగబడాలంటే కార్బులో గాలి దారిని మూసే స్లైడు కిందికి దిగి ఉండాలి. తిప్పారంటే ఆ పీల్పు పోతుంది. కొన్ని కార్బుల్లో పంపు కూడా ఉంటుంది, తిప్పిన ప్రతిసారీ పెట్రోల్ చిమ్మి ప్లగ్గు తడిపేస్తుంది. చెయ్యి అక్కడ పెట్టండి, తిప్పకండి.

టూ స్ట్రోకులు, అంటే హోండా సీఆర్500, కావాసాకి కేఎక్స్500, మైకో 490 లాంటివాటిలో ఈ కిటికీ, లివర్ మామూలుగా ఉండవు. ప్రతి చుట్టుకీ కంప్రెషన్ తగులుతుంది, కాబట్టి గట్టిగా తగిలిన చోటు మెల్లగా దాటించి, రాడ్ పైకి తెచ్చుకుని, సందేహం లేకుండా పూర్తిగా తొక్కడమే. వాటికి పొడుగు కాలు, గట్టి బూటు నిజంగానే కావాలి, మొదటి బండిగా మీకు వాటిని చెప్పను. హోండా ఎక్స్‌ఆర్600 లాంటివాటిలో కిక్ రాడ్‌కే ఆటోమేటిక్ డీకంప్రెషన్ కేబులు కలిపి ఉంటుంది, బాగా పనిచేస్తుంది, కానీ ఆ కేబులు సరిగ్గా ఉంటేనే.

"సెల్ఫ్ ఉన్న బండి కొనుక్కోవచ్చుగా" అని మీకు చాలామంది చెప్తారు. నాకూ చెప్పారు, మోకాలు కట్టుతో ఉన్నప్పుడు రోజూ చెప్పారు. 1979లో మొదటి పారిస్ డకార్ ర్యాలీ సిరిల్ నెవూ గెలిచింది ఈ ఎక్స్‌టీ500 మీదే, సుమారు 10,000 కిలోమీటర్లు, సహారా ఇసుకలో, సెల్ఫ్ లేని బండితో. తర్వాతి ఏడాదీ అదే మనిషి, అదే మోడల్. ఎడారిలో పనికొచ్చిన పద్ధతి మన షెడ్డులో పనికిరాదంటే నేను ఒప్పుకోను.

కొనేముందు ఒక్కటి మాత్రం చేయండి. చూడ్డానికి వెళ్ళగానే ఏమీ మాట్లాడకముందే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, నాకు జరిగింది అదే, అప్పుడు నేను చెయ్యి పెట్టి చూడలేదు. ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి, చల్లగా ఉన్నప్పుడు మీ ఎదురుగా స్టార్ట్ చేయమనండి. ఆ లివర్ నొక్కి రాడ్ దించి చూడండి, గాలి పోయే చప్పుడు వినపడాలి.

మీకు నిజంగా ఇబ్బంది పెట్టేది బరువు కాదు, ఎత్తు. ఈ బండ్ల సీటు ఎత్తు, కిక్ రాడ్ కూడా ఎత్తులోనే ఉంటుంది, ఎడమ కాలు నేల మీద సరిగ్గా ఆనకపోతే కుడి కాలితో పూర్తిగా తొక్కలేరు. మా చెల్లెలు ఎడమ పక్కన జానెడు ఎత్తు చెక్క దిమ్మ ఒకటి వేసుకుని దాని మీద నిలబడుతుంది, బయటికి వెళ్తే గట్టు పక్కన ఆపుతుంది. ఆ దిమ్మ ఇప్పటికీ బండి పక్కనే ఉంటుంది, తనకంటే జానెడు పొడుగున్న నేను కూడా దాని మీదే నిలబడి కొడుతున్నా.