కాలువ పూడిక తీసినట్టు లెక్క రాస్తే, అది నిజమో కాదో చూసేదెవరు?

కోనసీమలో పంట బోదెలు, అంటే పొలాలకు నీరిచ్చే పిల్లకాలువలు, ఉన్న ప్రతి ఊళ్లోనూ వచ్చే ప్రశ్నే ఇది. చూసేవాళ్లు ఒక్కరు కాదు. రాష్ట్ర ఖర్చును కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, తనిఖీ చేస్తుంది. రాజ్యాంగం 148వ అధికరణ కింద నియమితులైన ఆ అధికారిని ప్రభుత్వం తనంతట తాను తీసెయ్యడానికి వీల్లేదు, స్వతంత్రత అక్కడే ఉంది. ఆ నివేదిక గవర్నర్ ద్వారా శాసనసభకు వెళ్తుంది. పంచాయతీ పద్దులు రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది.

కానీ కాగితం సరిగ్గా ఉంటే కాగితం చూసేవాళ్లకు తప్పు దొరకడం కష్టం. అందుకే నాకు సోషల్ ఆడిట్ మీద, అంటే ఊరివాళ్లనే అడిగి చేసే తనిఖీ మీద, ఎక్కువ నమ్మకం. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఉపాధి పనుల మీద ఆ తనిఖీని గ్రామసభకే అప్పగించింది. మన రాష్ట్రంలో 2006లోనే మొదలైంది. తనిఖీవాళ్లు మస్తరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వచ్చి, "అమ్మా, ఈ వారం ఆరు రోజులు పనికెళ్లారా? డబ్బు చేతికొచ్చిందా?" అని అడుగుతారు. ఆవిడ "నేనా వారం మా అమ్మాయి పురిటికెళ్లానండీ" అంటే దొంగ హాజరు అక్కడే బయటపడుతుంది. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు.

డెల్టాలో ఇంకో చిక్కుంది. పూడిక పని కాలువలు కట్టేసిన ఎండాకాలంలోనే జరుగుతుంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లొదిలాక ఎంత లోతు తవ్వారో ఎవరు కొలుస్తారు? కాబట్టి నీళ్లు రాకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి, సమాచార హక్కు కింద ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు అడగండి. మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి.