మత్తు మానేసిన ఆడవాళ్లకు మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణతో యావ తగ్గుతుందా?

తగ్గుతుంది. నొప్పి మాత్రలకు బానిసనై బయటపడ్డదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కాకపోతే ఎవరు నేర్పుతున్నారు, ఎలా నేర్పుతున్నారు అన్నదాని మీదే అంతా ఉంది. మైండ్‌ఫుల్‌నెస్ అంటే మరేం కాదు, ఆ క్షణంలో మనసులో, ఒంట్లో ఏమవుతోందో ఉన్నదున్నట్టు గమనించడం.

ఒక రాత్రి తాళంచెవి కోసం పాత హ్యాండ్‌బ్యాగులో వెతుకుతుంటే, చిరిగిన లైనింగ్ లోపల వేలికి మాత్రల షీటు తగిలింది. రెండు మిగిలున్నాయి. ఆ రేకు చప్పుడుకే నోట్లో నీళ్లూరాయి, దవడ బిగుసుకుంది, బొటనవేలు దానంతటదే మాత్ర మీదికి పోయింది. అప్పటికి మానేసి చాలా నెలలైంది. "ఒక్కటే కదా, ఎవరికి తెలుస్తుంది" అని లోపల నా గొంతే అంటోంది.

షీటు బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. శిక్షణలో మాకు నేర్పింది ఇదే: ముందు ఆగు, ఏమవుతోందో చూడు, ఊపిరి మీదికి రా, ఆ తర్వాత ఒళ్లంతా గమనించు, అప్పుడు ఏం చేయాలో తేల్చుకో. కళ్లు మూయలేదు. అరికాళ్లకు తగిలే చల్లదనం మీద ధ్యాస పెట్టాను. గొంతు కింద పిడికిలంత బిగువు. అది పైకి పాకింది, చెవులు వేడెక్కాయి, ఇక నా వల్ల కాదు అనిపించింది. లేవకుండా అలాగే చూస్తూ ఉన్నాను. కాసేపటికి దిగడం మొదలుపెట్టింది. అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త యావను అలతో పోల్చాడు, నీళ్లలో మునక్కుండా దాని మీద తేలాలన్నాడు. ఆ రాత్రి ఆ మాట నా ఒంటికి తెలిసింది.

తర్వాత గ్రూపులోని అక్కకు ఫోన్ చేశాను. వచ్చి, "ఏదమ్మా, ఇటివ్వు" అని షీటు తీసుకుంది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. యావ మర్నాడు మళ్లీ వచ్చింది. వచ్చినా చెయ్యి పరుగెత్తలేదు, నాకది చాలు.

ఇది నా ఒక్కదాని మాటే కాదు. మార్లాట్, సారా బోవెన్, నేహా చావ్లా కలిసి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి మీదే ఎనిమిది వారాల శిక్షణ రూపొందించారు. 2014లో వచ్చిన 286 మంది అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే, ఇది నేర్చుకున్నవాళ్లు మత్తు వాడిన రోజులు పోలిక కోసం మరో రెండు రకాల చికిత్స తీసుకున్నవాళ్ల కన్నా తక్కువ. అయితే అందులో ఎక్కువమంది మగవాళ్లే! ఎక్కడ చూసినా ఇదే తంతు. చికిత్స మగవాళ్లను చూసి తయారుచేస్తారు, ఆడవాళ్లను తెచ్చి అందులో సర్దుకోమంటారు.

నేను మొదట చేరిన కేంద్రంలో తలుపు వేసేసి, అందరినీ కళ్లు మూసుకోమని, శిక్షకుడు మా వెనక తిరిగేవాడు. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడది, బలాత్కారానికి గురైన ఆడది, వెనక అడుగుల చప్పుడు వింటూ ప్రశాంతంగా ఎలా కూర్చుంటుంది? నా పక్కనున్న అమ్మాయి వణికిపోతుంటే "ఏకాగ్రత లేదు" అన్నాడు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. ఇంటికి వస్తే ఇంకో నరకం. మానేసి వచ్చిన మగాణ్ణి "ఎంత మారాడో" అని మెచ్చుకుంటారు, మనల్ని "తల్లివై ఉండి ఇదేం పని" అంటారు. ఆ మాట పడ్డ రోజు యావ రెట్టింపవుతుంది, నాకైతే ప్రతిసారీ అంతే.

అందుకే చేరేముందు అడగండి: కళ్లు తెరిచి కూర్చోవచ్చా? ఆడవాళ్లకు వేరే గ్రూపు ఉందా? భరించలేకపోతే లేచి వెళ్లొచ్చా? హెరాయిన్, మత్తిచ్చే నొప్పి మాత్రల లాంటి వాటి వ్యసనానికి చికిత్సగా డాక్టరు బుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ రాసి ఉంటే, ఈ శిక్షణ దొరికింది కదా అని వాటిని ఆపకండి. అవి ప్రాణం కాపాడే మందులు, రెండూ కలిసి నడవొచ్చు. "ముందు ఆ మందు మానేసి రా" అనే చోట చేరకండి.