వర్జీనియాలో గాలం, తుపాకీ, పిడుదు: కొత్తగా వచ్చిన మనవాళ్ల సందేహాలకి

ఏప్రిల్‌లో నీళ్లు కాస్త వెచ్చబడగానే మా లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో కొత్తగా దిగిన మనవాళ్లు ముందుగా అడిగేది ఇదే: "అన్నా, ఇక్కడ చేపలు పట్టుకోనిస్తారా?" పట్టుకోనిస్తారు, బ్రహ్మాండంగా పట్టుకోవచ్చు. అయితే మన ఊరి చెరువు లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ మహా అయితే చెరువు పాట పాడుకున్నాయన గట్టు మీంచి నాలుగు కేకలేస్తాడు, మనం గాలం చుట్టుకుని ఇంటికొస్తాం. ఇక్కడ గట్టు దిగి వచ్చేది కన్జర్వేషన్ పోలీస్ ఆఫీసర్. నడుముకి తుపాకీ ఉంటుంది, మామూలు పోలీసుకి ఉన్న అధికారాలన్నీ ఆయనకీ ఉంటాయి. లైసెన్సు చూపించమంటాడు, కూలర్ మూత తీయమంటాడు.

లైసెన్సు లేకుండా గాలం వేయడం వర్జీనియాలో మిస్‌డిమీనర్ (చిన్న తరహా క్రిమినల్ నేరం) కిందికి వస్తుంది. జరిమానా కట్టేస్తే అక్కడితో పోతుందనుకోకండి. రేపు సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ ఇచ్చారా అని అడిగినప్పుడు ఈ సంగతీ గుర్తుకొస్తుంది, చెప్పుకోవాల్సీ వస్తుంది. స్థానికులకి మంచినీటి చేపల లైసెన్సు ఏడాదికి 23 డాలర్లు. దాన్ని మిగుల్చుకోవడానికి అంత టెన్షన్ ఎవరికి కావాలి?

స్థానికులు అంటే వర్జీనియాలో వరసగా ఆరు నెలలు కాపురం ఉన్నవాళ్లు. వీసా రంగుతో పని లేదు. నిన్న గాక మొన్న న్యూజెర్సీ నుంచి మారినవాళ్లు మాత్రం బయటివాళ్ల రేటు, 47 డాలర్లు కట్టాలి. 'గో అవుట్‌డోర్స్ వర్జీనియా' యాప్‌లో అయిదు నిమిషాల పని, కొన్న రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. ఇక్కడ మనవాళ్లు ఒక తెలివి వాడతారు: పిల్లాడి పేరు చెప్పి కర్ర తాము పట్టుకుంటారు. ఆఫీసర్లు ఆ కథ రోజూ వింటారు. కర్ర ఎవరి చేతిలో ఉంటే లైసెన్సు వాళ్లకే కావాలి. ఎండాకాలం ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి సరదా అయితే జూన్ మొదటి శుక్రవారం నుంచి ఆదివారం దాకా 'ఫ్రీ ఫిషింగ్ డేస్' ఉంటాయి, ఆ మూడు రోజులు ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. మిగతా రోజుల్లో అయితే ఆయనకి నాన్-రెసిడెంట్ లైసెన్సు తీయండి, తక్కువ రోజులకి కూడా ఇస్తారు.

లైసెన్సు ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ వేయకండి, ముందు ఆ నీళ్లు ఎవరివో చూసుకోండి. ఇంటి వెనక హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కుంట ఉంటే దాని నియమాలు దానివి. చాలాచోట్ల పట్టిన చేపని మళ్లీ నీళ్లలో వదిలేయాలి. పొటోమాక్ సంగతి ఇంకా విచిత్రం. నదికి ఇటు గట్టు వర్జీనియాది, నీళ్లు మాత్రం మేరీలాండ్‌వి. 1632లో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన పట్టా పుణ్యమా అని మన వైపు నీరు బాగా తగ్గినప్పటి అంచు దాకా వాళ్ల హద్దే. రెండు రాష్ట్రాల ఒప్పందం ఉంది కాబట్టి అసలు నదిలో వర్జీనియా లైసెన్సు చెల్లుతుంది. పడవ వేసుకుని అవతలి గట్టున మేరీలాండ్ వాగులోకి దూరారా, అక్కడ చెల్లదు. రాజధాని వాషింగ్టన్ డీసీ పరిధిలో మళ్లీ డీసీ లైసెన్సు.

ఇక అసలు విషయానికొస్తాను. పొటోమాక్‌లోనూ దాంట్లో కలిసే వాగుల్లోనూ కొర్రమీను ఉంది.

అచ్చంగా మనది కాదు, దాని దాయాది. మనది చన్నా స్ట్రయేటా, ఇక్కడిది చైనా, రష్యా, కొరియా వైపు నుంచి వచ్చిన చన్నా ఆర్గస్. ఇంగ్లీషులో నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు. పాము తల, ఒంటి మీద కొండచిలువ మచ్చలు, గాలి పీల్చి బతికే గుణం, పిల్లల గుంపుని తల్లీతండ్రీ కాపలా కాయడం అన్నీ మన కొర్రమీనుకి ఉన్నవే. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో మొదట బయటపడి దేశమంతా గగ్గోలైంది. ఒకాయన ఒంట్లో బాగాలేని చెల్లెలికి సూప్ పెట్టడానికి న్యూయార్క్ మార్కెట్లో ప్రాణంతో ఉన్న చేపలు తెప్పించాడట. చేపలు వచ్చేసరికి ఆవిడ కోలుకుంది, కొన్నాళ్లు తొట్టిలో పెంచి తర్వాత తీసుకెళ్లి కుంటలో వదిలేశాడు. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో కొర్రమీను పిల్లని చేపమందుతో గొంతులోకి జార్చే జనాలం, ఆయన్ని ఏమంటాం! ఆ కుంటకి మందు కొట్టి చేపలన్నిటినీ చంపేశారు. లాభం లేకపోయింది, 2004కల్లా పొటోమాక్‌లో అక్కడా ఇక్కడా దొరకడం మొదలైంది. ఆ 2002లోనే అమెరికా కేంద్ర ప్రభుత్వం కొర్రమీను కుటుంబం మొత్తాన్ని హానికర జీవుల జాబితాలో పెట్టి, ప్రాణంతో దిగుమతి చేయడాన్ని నిషేధించింది. తెలంగాణ రాష్ట్ర చేప ఇక్కడ నిషిద్ధ జీవి అన్నమాట. ఇండియన్ స్టోర్లలో ఫ్రోజెన్ 'షోల్' పేరుతో దొరికేది మనదే, దాంతో ఏ ఇబ్బందీ లేదు.

మనవాళ్లు బోల్తా పడేది ఎక్కడంటే, కొర్రమీను అనగానే బకెట్లో నీళ్లు పోసి ప్రాణంతో ఇంటికి తేవాలనిపిస్తుంది. మన మార్కెట్లో తొట్టిలో ఈదే కొర్రమీనుకి ఉన్న ధర చచ్చినదానికి ఉండదు కదా. ఇక్కడ ఆ బకెట్టే నేరం. ప్రాణంతో దగ్గర పెట్టుకోకూడదు. పట్టిన చోటే చంపండి, రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్లకి ఫలానా చోట దొరికిందని తెలియజేయండి, తర్వాత హాయిగా పులుసు పెట్టుకోండి. ఐస్‌లో పడేస్తే చచ్చిపోతుందిలే అనుకోవద్దు, గాలి పీల్చే చేప, గంటల తరబడి బతికే ఉంటుంది. తల మీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి, మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చాక ఐస్‌లో పెట్టండి. ఇంట్లో పొలుసు తీయడానికి బూడిద దొరకదు కాబట్టి నేను దొడ్డుప్పు రుద్దుతాను, జిగురు పోయి చేతికి పట్టు దొరుకుతుంది. చర్మం మందం, ముల్లు తక్కువ, కండ గట్టి. మామిడికాయ వేసి వండితే ముక్క చెదరదు. చింతపండు పులుసు అయితే మర్నాటికే రుచి.

చంపేముందు ఒక్కసారి తిప్పి చూడండి. బోఫిన్ అని అచ్చం ఇలాగే ఉండే చేప ఒకటుంది, అది ఈ నేల చేపే, దాని జోలికి పోకూడదు. పొట్ట కింద తోక వైపు ఉండే రెక్క కొర్రమీనుకి పొడుగ్గా సాగి ఉంటుంది, బోఫిన్‌కి పొట్టిగా ఉంటుంది. పొట్ట రెక్కల జత కొర్రమీనుకి గొంతు దగ్గర, బోఫిన్‌కి నడిమి భాగంలో. అనుమానంగా ఉంటే వదిలేయడమే మేలు. మేరీలాండ్ వాళ్లు 2024లో కొర్రమీనుకి 'చెసపీక్ చన్నా' అని కొత్త పేరు పెట్టారు, జనం జంకకుండా తినాలని. మనకి ఆ బతిమాలుడు అక్కర్లేదు.

బ్లూ క్యాట్‌ఫిష్ కూడా బయట నుంచి తెచ్చి వదిలిందే, 1970ల్లో ఈ నదుల్లోకి వచ్చింది. తేలిగ్గా పడుతుంది. కానీ పెద్దది పడిందని సంబరపడి వండకండి. పొటోమాక్ అడుగున పీసీబీలనే రసాయనాలున్నాయి, చేప పెద్దదై, కొవ్వు పట్టేకొద్దీ అవి ఒంట్లో చేరతాయి. వర్జీనియా ఆరోగ్యశాఖ ఏ నదిలో ఏ చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో పట్టిక పెడుతుంది. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ఆ పట్టిక చూడకుండా పొయ్యి వెలిగించొద్దు.

పెరట్లోకి జింకలొస్తే అరటిపళ్లు పెట్టే సరదా మనవాళ్లలో చాలామందికి ఉంది. మానేయండి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల మెదడుని తినేసే జబ్బు వ్యాపిస్తోంది, ఒకేచోట మూతులు పెడితే అంటుకుంటుంది. అందుకే మా లౌడన్ లాంటి కౌంటీల్లో జింకలకి మేత పెట్టడం ఏడాది పొడవునా నిషేధం. పిల్లలు ట్రెయిల్ మీద ఏరుకొచ్చే డేగ ఈకలు, బ్లూజే ఈకలు కూడా ఇంట్లో ఉండకూడదు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద రాలిన ఈక దాచుకోవడమూ తప్పే. అలాగే ఇండియా వెళ్తూ అక్వేరియం చేపల్ని దగ్గర్లోని చెరువులో వదిలే పుణ్యం వద్దు, క్రాఫ్టన్ కథ అలా మొదలైందే.

ఇప్పుడు తుపాకీ. ఆఫీసులో అమెరికన్ స్నేహితుడు "శనివారం రేంజికి పోదాం, డీర్ సీజన్ వస్తోంది" అంటాడు. రేంజి అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టంతో ఈ చిక్కు లేదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, బి-2 మీద ఉన్నవాళ్లు మాత్రం ఆగాలి. నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. సొంతది కావాలనేం లేదు, రేంజిలో అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకున్నా ఉన్నట్టే లెక్క. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, ఆపైన దేశం నుంచి పంపేసే కారణాల్లో తుపాకీ నేరం ఒకటి. ఈ చట్టానికి ఉన్న మినహాయింపుల్లో మనకి అందుబాటులో ఉండేది ఒకటే: గడువు దాటని హంటింగ్ లైసెన్సు. అది చేతిలో ఉంటే పట్టుకోవచ్చు. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే రేంజి. మీ కేసులో మెలికలేవైనా ఉంటే రేంజి కౌంటర్ దగ్గర కుర్రాణ్ణి కాకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. పైసా పెట్టుబడి లేకుండా తప్పించుకోగలిగిన ముప్పు ఇంకోటుంది: విజిటర్ వీసా మీద వచ్చిన మామయ్యగారి చేతికి ఎవరిదో రైఫిల్ ఇచ్చి ఫొటో తీసి ఊళ్లోవాళ్లకి పంపడం. నా మట్టుకు నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా తుపాకీ వైపు చూడలేదు, ఏమీ పోగొట్టుకున్నట్టూ అనిపించలేదు.

మొదటిసారి హంటింగ్ లైసెన్సు తీయాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. వేటకి పోకపోయినా చేయదగ్గ కోర్సే, అడవిలో ఎవడు ఎక్కడ కాలుస్తాడో అర్థమవుతుంది. తుపాకీ తలనొప్పి వద్దనుకుంటే విల్లు ఉంది. అక్టోబర్ మొదటి శనివారం నుంచి ఆర్చరీ సీజన్, దానికి అదనపు లైసెన్సు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ జింకల్ని తగ్గించడానికి పార్కుల్లో విల్లంబుల వేటని స్వయంగా నడుపుతుంది. కొట్టిన జింకని ఆ రోజే ఫోన్‌లోనో యాప్‌లోనో నమోదు చేయాలి. మాంసం మీరు తినొచ్చు, స్నేహితులకి ఊరికే ఇవ్వొచ్చు, అమ్మకూడదు. ఎవరైనా పౌండుకి ఇంత అని జింక మాంసం అమ్మజూపితే కొనకండి. అలా సంతలో అమ్ముకోవడం వల్లే ఒకప్పుడు ఇక్కడ జింకలు తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చింది. 1937లో తుపాకులు, తూటాల మీద అప్పటికే ఉన్న పన్ను డబ్బుని వన్యప్రాణుల పనికే ఖర్చు పెట్టాలని చట్టం చేశారు. 1950లో గాలాల సామాను పన్నుకీ అలాంటి చట్టమే చేశారు. 1972 చట్టంతో వేటని ఆపేసి అడవిని కాపాడుకుంటున్న దేశం నుంచి వచ్చినవాళ్లకి వేటగాడి డబ్బుతో అడవిని పోషించడం వింతగానే ఉంటుంది. నాకు రెండూ సబబుగానే కనిపిస్తాయి.

వేట మీకు ఇష్టం లేకపోయినా నవంబర్ మధ్యలో రైఫిల్ సీజన్ మొదలయ్యాక నేషనల్ ఫారెస్ట్‌లో నడకకి వెళ్తే నారింజరంగు టోపీ పెట్టుకోండి. వేటగాళ్లకి ఆ రంగు చట్టం, మనకి జాగ్రత్త.

ఎలుగుబంటి గురించి అందరూ అడుగుతారు. భయపడాల్సింది టిక్‌కి. మన పశువులకి పట్టే పిడుదుల జాతే. నల్లకాళ్ల టిక్ పిల్ల దశలో గసగసాల గింజంత ఉంటుంది, లైమ్ జబ్బు దాని వల్లే. నడక నుంచి రాగానే బట్టలు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పి, చంకలు, మోకాళ్ల వెనక, నడుం పట్టీ చుట్టూ, పిల్లల చెవుల వెనక వెతకండి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. ఊడిన టిక్‌ని టేపుకి అంటించి తేదీ రాసి ఉంచండి. ఒకరోజులోపు తీసేస్తే లైమ్ భయం బాగా తక్కువ. నెల రోజుల్లో జ్వరం గానీ, పెద్దదవుతూ పోయే ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మనవాళ్లకి అసలు దెబ్బ లోన్‌స్టార్ టిక్‌తో. ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది: మేక, గొర్రె, బీఫ్, పోర్క్ ఏదీ పడదు. చికెన్, చేప తినొచ్చు. షార్లెట్స్‌విల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో దీన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ థామస్ ప్లాట్స్-మిల్స్‌ని కూడా టిక్‌లు కుట్టి, తర్వాత గొర్రె మాంసం తిన్న రోజు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చిక్కేంటంటే తిన్న వెంటనే ఏమీ కాదు, రెండు నుంచి ఆరు గంటల తర్వాత మొదలవుతుంది. పార్టీలో రాత్రి తొమ్మిదింటికి మటన్ బిర్యానీ తిని, ఒంటిగంటకి దురదతో, కడుపునొప్పితో లేస్తే ఎవరికీ బిర్యానీ గుర్తుకు రాదు. కొందరికి ఊపిరి ఆడనంత దాకా పోతుంది, అప్పుడు 911కి ఫోన్ చేయాల్సిందే. ఎండాకాలంలో టిక్ కుట్టి ఉండి ఇలా ఒకటికి రెండుసార్లు జరిగితే, అలర్జీ డాక్టర్‌ని "ఆల్ఫా-గాల్ ఐజీఈ" రక్తపరీక్ష చేయమని పేరు చెప్పి అడగండి. ఉందని తేలితే మటన్‌తో పాటు జెలటిన్ (పశువుల నుంచి తీసేదే) క్యాప్సూళ్ల గురించీ అడగండి, కొందరికి పాలు, నెయ్యి కూడా పడవు.