‘చెప్పాడు’, ‘చెప్పాడట’: సువార్తల్లో విన్నమాట

సందేహం: తొలి క్రైస్తవ సంఘాల గురించి ఒక చిన్న పత్రికకు వ్యాసం పంపాను. అందులో ‘కనికరం గలవారు ధన్యులని యేసు కొండ మీద చెప్పాడట’ అని రాశాను. ‘ట’ పెడితే నమ్మకం లేనట్టు ధ్వనిస్తుందనీ, చదివేవాళ్ళు నొచ్చుకుంటారనీ సంపాదకులు దాన్ని ‘చెప్పాడు’ అని మార్చారు. మా నాయనమ్మ రాముడి కథ చెప్పినా, ఊరి దేవత కథ చెప్పినా ‘ట’ లేకుండా చెప్పేది కాదు. ఆమెకు నమ్మకం లేకనా? ఇంకో మాట. ‘మత్తయి రాసిన సువార్త’, ‘మత్తయి సువార్త’ ఈ రెంటిలో ఏది ఒప్పు?

సమాధానం: మీ నాయనమ్మగారి నమ్మకానికేం లోటు లేదు. ‘ట’ పని ఒక్కటే: ‘ఇది నేను చూసింది కాదు, విన్నది’ అని చెప్పడం. ‘రేపు బడికి సెలవట’ అన్నవాడు సెలవును శంకించడం లేదు, సంచీ పక్కన పడేసి ఆడుకోవడానికి సిద్ధంగానే ఉంటాడు. ‘పుట్టిన ఏడాది నేను అస్తమానం ఏడుస్తూనే ఉండేవాడినట’ అని ఎవరైనా అంటారు. తన ఏడుపును తాను నమ్మకనా? గుర్తులేదు కాబట్టి, పెద్దవాళ్ళు చెప్పగా తెలిసింది కాబట్టి. ‘అనగనగా’ అని కథ ఎత్తుకోవడంలో ఉన్నదీ ఇదే: వాళ్ళూ వీళ్ళూ అనగా అనగా నా దాకా వచ్చిన కథ అని.

అపనమ్మకం ‘ట’లో లేదు, గొంతులో ఉంది. ‘మహా పండితుడట!’ అని సాగదీసి మూతి విరిస్తే ఎగతాళి. అదే మాట మామూలుగా అంటే సమాచారం. చిక్కల్లా ఏమిటంటే అచ్చులో గొంతు వినిపించదు. వార్తల్లోనూ వ్యాసాల్లోనూ ‘అట’ను ఎత్తిపొడుపుకే వాడటం మనకు బాగా అలవాటైపోయింది కూడా. అందుకని మీ సంపాదకులు వాక్యం మార్చడాన్ని నేను తప్పుపట్టను, చెప్పిన కారణం మాత్రం సరైంది కాదు. పైగా ఆ మార్పుతో మీ వాక్యంలో ఉన్న ఒక నిజం జారిపోయింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కళ్ళతో చూడని గతాన్ని వేరుగా చూపించే ఏర్పాటు సంస్కృతానికి క్రియలోనే ఉంది. ‘పరోక్షే లిట్’ (చూడని గతానికి ‘లిట్’ అనే క్రియారూపం) అని పాణిని సూత్రం. మన క్రియకు ఆ రూపం లేదు, ‘ట’తో సరిపెట్టుకున్నాం. సువార్తలు రాసిన గ్రీకుకు అదీ లేదు. చూసినవాడూ, విన్నవాడూ, విన్నవాడి దగ్గర విన్నవాడూ ‘చెప్పెను’ అనే అంటారు. అయినంత మాత్రాన తొలి క్రైస్తవులకు చూసిన మాటకూ విన్న మాటకూ తేడా పట్టలేదనుకుంటే పొరపాటు. ఆ విషయంలో వాళ్ళు చాలా పట్టింపు గలవాళ్ళు.

యేసును సిలువ వేసింది క్రీ.శ. 30 ప్రాంతంలో. మనకు దక్కిన క్రైస్తవ రచనల్లో అన్నిటికంటే పాతవి సువార్తలు కావు, తొలితరం బోధకుడైన పౌలు ఉత్తరాలు. 50ల మధ్యలో కొరింథు సంఘానికి రాస్తూ, కడరాత్రి భోజనం సంగతి ఆయన ఎలా ఎత్తుకున్నాడో చూడండి. పాత తెలుగు అనువాదంలో ఇలా ఉంది: ‘నేను మీకు అప్పగించిన దానిని ప్రభువువలన పొందితిని. ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి ఒక రొట్టెను ఎత్తికొని...’ ‘పొందితిని’, ‘అప్పగించితిని’ అనేవి ఊరికే పడిన మాటలు కావు. గురువు నుంచి అందుకుని శిష్యుడికి అందించడానికి యూదు బోధకుల పరంపరలో వాడే జంట మాటలివి. పౌలు యేసు వెంట తిరిగినవాడు కాదు. అందుకే ‘జరిగింది’ అని ఊరుకోకుండా ‘నాకు అందింది, మీకు అందించాను’ అంటున్నాడు. ‘ట’ చేసే పనిని ఇక్కడ రెండు క్రియలు చేస్తున్నాయి.

ఈ వాక్యంలో ఇంకో చమత్కారం ఉంది. బోధను అప్పగించడానికీ, యేసును శత్రువుల చేతికి అప్పగించడానికీ గ్రీకులో ఒకటే క్రియ. తెలుగు అనువాదకులు రెండుచోట్లా ‘అప్పగించు’నే వాడి దాన్ని నిలబెట్టారు. లూకా సువార్త మొదటి వాక్యంలోనూ అదే క్రియ, తెలుగులోనూ అదే మాట: ‘ఆరంభమునుండి కన్నులార చూచి వాక్యసేవకులైనవారు మనకు అప్పగించిన ప్రకారము’. ‘కన్నులార చూచి’న వాళ్ళు ఒకరు, రాస్తున్న నేను ఒకణ్ణి అని లూకా ముందే గీత గీశాడు. తనకంటే ముందే చాలామంది ఈ పనికి పూనుకున్నారనీ, తాను అన్నీ ‘తరచి’ చూసి ‘వరుసగా’ రాస్తున్నాననీ చెప్పుకున్నాడు. ఆ పీఠిక అయిపోగానే కథలో దిగి, ఇక ఎక్కడా ‘విన్నాను’ అనడు. మీ నాయనమ్మగారు కూడా, గుర్తు తెచ్చుకోండి, కథ మొదట్లో నాలుగు వాక్యాలకు ‘ట’ పెట్టి, రక్తి కట్టేచోట మానేసి ఉంటారు. లేడి పరుగెత్తేటప్పుడు ‘పరుగెత్తిందట’ అంటే లేడి ఆగిపోతుంది.

లూకాలోనే ఒక్కచోట మాత్రం ఎడంగా నిలబడి చెప్పిన మాట ఉంది: ‘యోసేపు కుమారుడని యెంచబడెను’. అది అచ్చంగా మీ సంపాదకులు భయపడిన ‘ట’. లోకం అలా అనుకుంది, నేను అనడం లేదు అని. యేసు కన్యకు దేవుని శక్తితో పుట్టాడని లూకా ముందు చెప్పిన కథను బట్టి ఆ ఎడం ఆయనకు తప్పనిసరి.

ఇక పపియస్ సంగతి. ఈనాటి టర్కీలో ఉన్న హియెరాపొలిలో రెండో శతాబ్దపు తొలి దశకాల్లో ఆయన బిషప్పు. ప్రభువు మాటల మీద అయిదు పుస్తకాలు రాస్తే అన్నీ పోయాయి. నాలుగో శతాబ్దంలో చర్చి చరిత్ర రాసిన యూసేబియస్ ఎత్తి రాసుకున్నవీ, మరికొందరు ఉదహరించినవీ కొన్ని ముక్కలే మిగిలాయి. పెద్దల శిష్యులెవరైనా తమ ఊరొస్తే తాను ఏమడిగేవాడో పపియస్ చెబుతాడు. యేసు శిష్యులైన అంద్రెయ, పేతురు, ఫిలిప్పు, తోమా, యాకోబు, యోహాను, మత్తయి ‘ఏం చెప్పారు’ అని అడిగేవాడట. అరిస్తియోను, పెద్ద యోహాను ‘ఏం చెబుతున్నారు’ అని అడిగేవాడట. మొదటి జట్టుకు భూతకాలం, రెండో జట్టుకు వర్తమానం. మొదటివాళ్ళు పోయారు, రెండోవాళ్ళు ఇంకా బతికున్నారు అని ఆ రెండు క్రియలను బట్టి పండితులు తేల్చారు. యోహాను పేరు రెండుసార్లు రావడాన్ని యూసేబియస్ అప్పుడే పట్టుకుని, ఇద్దరు యోహానులున్నారని వాదించాడు. (ఆయన ‘అడిగేవాడట’ అని నేనూ రెండుసార్లు ‘ట’ పెట్టాను. పపియస్ మీద నాకు అపనమ్మకమేమీ లేదు.)

పుస్తకాల్లో ఉన్నది తనకు అంతగా ఉపయోగపడదనీ, బతికి నిలిచి ఉన్న గొంతే మేలనీ పపియస్ అభిప్రాయం. పుస్తకంలోనే ఉన్న విద్య అక్కరకు రాదనే ‘పుస్తకస్థా తు యా విద్యా’ అన్న శ్లోకం తెలిసిన మనకిది వింతేమీ కాదు. మరో సువార్తకర్త మార్కు గురించి ఆయన చెప్పింది ఇంకా విలువైనది: మార్కు ప్రభువు మాట వినలేదు, ఆయన వెంట తిరగలేదు, తర్వాత పేతురుకు దుబాసీగా ఉండి, గుర్తున్నంతవరకు జాగ్రత్తగా రాశాడు, వరుసలో మాత్రం కాదు. ఇది కూడా పపియస్ సొంతమాట కాదు, ‘పెద్దాయన చెబుతూ ఉండేవాడు’ అని దాని మూలం చెప్పే ముందుకు సాగుతాడు. దీన్ని తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాలంటే వాక్యానికి మూడు ‘ట’లైనా పడతాయి. మార్కు, పపియస్ చెప్పినట్టే పేతురు నోట విని రాశాడా అన్నదాని మీద ఇప్పటికీ వాదం ఉంది. విన్నదాన్ని విన్నట్టు చెప్పాలన్న పట్టింపు గురించి మాత్రం వాదం అక్కర్లేదు.

ఆ పట్టింపు ఎందుకు అవసరమైందో చూడాలంటే యోహాను సువార్త చివరి అధ్యాయానికి వెళ్ళాలి. యేసు ప్రేమించిన శిష్యుడి సంగతేమిటని పేతురు అడిగితే ‘నేను వచ్చువరకు అతడుండుట నాకిష్టమైతే అది నీకేమి?’ అని యేసు జవాబు. ఆ మాట సంఘంలో నోరు మారి నోరు మారి ‘ఆ శిష్యుడు చావడట’ అయింది. ‘ఇష్టమైతే’లోని ‘అయితే’ దారిలో రాలిపోయింది. షరతు వాక్యం మామూలు వాక్యమై కూర్చుంది. పుకారు చేసే మొదటి పని ఎప్పుడూ ఇదే. ఆ శిష్యుడు అప్పటికి చనిపోయి ఉంటాడనీ, సంఘం తల్లడిల్లి ఉంటుందనీ చాలామంది పండితుల ఊహ. అందుకే సువార్త పనిగట్టుకుని దిద్దుతుంది: చావడని యేసు చెప్పలేదు, చెప్పింది ఇదీ అని, ‘అయితే’తో సహా అసలు వాక్యాన్ని మళ్ళీ ఒకసారి అప్పజెబుతుంది. వెంటనే ‘ఇతని సాక్ష్యము సత్యమని యెరుగుదుము’ అంటుంది. ‘ఎరుగుదును’ కాదు, ‘ఎరుగుదుము’. ఇక్కడ వినిపిస్తున్నది ఒక సంఘం గొంతు.

యోహానులోనే తెలుగు అనువాదకులకు చెమటలు పట్టించే చోటు ఇంకొకటి ఉంది. మూడో అధ్యాయంలో యేసు నీకొదేము అనే యూదు పెద్దతో మాట్లాడుతుంటాడు. ఆ మాటలు ఎక్కడ ముగిశాయి, కథకుడి వ్యాఖ్య ఎక్కడ మొదలైంది? పాత గ్రీకు ప్రతుల్లో ఉటంకింపు గుర్తులు లేవు, కాబట్టి పదిహేనో వచనంతో అయిపోయిందని కొందరు, ఇరవై ఒకటి దాకా యేసు మాటలేనని కొందరు. తెలుగులో ‘అనెను’ చివర వస్తుంది కనుక ఎక్కడో ఒకచోట తలుపు మూయాల్సిందే. పాత అనువాదకులు మూడో వచనంలో ‘చెప్పుచున్నాననెను’ అని మూశారు. పదో వచనానికి వచ్చేసరికి మాత్రం ‘యేసు ఇట్లనెను’ అని ముందే పెట్టేసి తలుపు బార్లా తెరిచి వదిలేశారు. భారత భాగవతాల్లో ‘ఇట్లనియె’ చేసే ఉపకారమే ఇది. నాకైతే ముచ్చటేస్తుంది.

మీ వాక్యానికి వస్తాను. గుడిలో బోధకుడు ‘యేసు చెప్పాడు’ అంటాడు, అది ఆయన విశ్వాసం, అక్కడ అదే సబబు. పిల్లలకు కథ చెబుతూ ‘చెప్పాడట’ అన్నా తప్పులేదు. మీరు రాసింది చరిత్ర వ్యాసం. అందులో ‘చెప్పాడు’ అంటే మీరు ఎరగనిది ఎరిగినట్టు అవుతుంది. ‘చెప్పాడట’ అంటే ఎవరు చెప్పగా విన్నారో తేలదు. ‘కనికరం గలవారు ధన్యులని యేసు కొండ మీద చెప్పినట్టు మత్తయి సువార్తలో ఉంది’ అని రాయండి. ఆ పేరు ఉండటం ముఖ్యం. ఎందుకంటే ధన్యతల బోధను కొండ మీద పెట్టింది మత్తయి. లూకాలో అది మైదానంలో జరుగుతుంది, అక్కడి జాబితాలో కనికరం గలవారి ప్రస్తావన లేదు.

రెండో ప్రశ్నకు జవాబు: ‘మత్తయి సువార్త’ మేలు. గ్రీకు ప్రతుల్లోని శీర్షిక ‘రాసిన’ అనదు, ‘మత్తయి ప్రకారం’ అనే అంటుంది. సువార్త ఒక్కటే, మత్తయి చెప్పిన తీరు ఇది అని. సుమారు క్రీ.శ. 200 నాటిదని సాధారణంగా చెప్పే ఒక పపైరసు ప్రతిలో లూకా ముగింపు శీర్షిక, యోహాను ఆరంభ శీర్షిక ఒకే పుటలో, రెండూ ఈ పద్ధతిలోనే కనిపిస్తాయి. ‘మత్తయి ప్రకారం సువార్త’ అని తెలుగులో రాస్తే సర్కారు ఉత్తర్వులా ఉంటుంది. ఆ అవసరం మనకు లేదు. ‘మొల్ల రామాయణం’ అన్నప్పుడు రామకథ మొల్ల చెప్పిన తీరు అనే కదా మనకు అర్థమయ్యేది! షష్ఠీ విభక్తి (‘యొక్క’ అనే అర్థం) ఆ పని చక్కగా చేసిపెడుతుంది. మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే ఈ నాలుగు సువార్తల్లో ఏదీ లోపల తన కర్త పేరు చెప్పుకోలేదు. పేర్లు శీర్షికల్లోనే ఉన్నాయి. రెండో శతాబ్దం నడుమ రోములో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్ వీటిని ‘అపొస్తలుల జ్ఞాపకాలు’ అనీ, ‘సువార్తలు’ అంటారనీ రాశాడే తప్ప నలుగురి పేర్లూ విప్పి చెప్పలేదు. 180 ప్రాంతంలో లియాన్ (ఈనాటి ఫ్రాన్సు) బిషప్పు ఇరేనియస్ ఆ పేర్లు చెప్పాడు.

‘పౌలు కొరింథీయులకు రాసిన పత్రిక’ అనడానికి మాత్రం సంకోచం అక్కర్లేదు. పంపినవాడి పేరు ఉత్తరం మొదటి మాటగానే ఉంది. అక్కడ ‘పత్రిక’ అంటే ఉత్తరమని మీ సంపాదకులకు తెలిసే ఉంటుంది.